పన్నెండో గదిలో ఆఖరి బెంచీ

తెల్లారితే డిగ్రీ పరీక్షలు. నారాయణగూడలోని ఓ కాలేజీలో పరీక్షల పని చూసే విజయశ్రీ, వాచ్‌మన్ బుగ్గయ్యను వెంటబెట్టుకుని బెంచీల మీద హాల్‌టికెట్ నంబర్లు అంటిస్తూ పన్నెండో గదికి వచ్చేసరికి రాత్రి ఎనిమిదయింది.

ఆ గదికి ఇరవై మూడు నంబర్లే. అన్నీ అంటించాక చూస్తే ఆఖరి బెంచీ మీద ఇంకో చీటీ ఉంది. నంబరు చేత్తో రాసి ఉంది. జిగురు ఇంకా ఆరలేదు.

"ఇది నువ్వు రాసినవా, బుగ్గయ్యా?"

"నాకు రాసుడు ఏడొస్తది మేడం?"

ఆ నంబరు ఆమెకు తెలుసు. అటెండెన్స్ నాలుగు రోజులు తక్కువైందని తన చేత్తోనే కొట్టేసిన నంబరది. అమ్మతో కూలికి పోవాల్సొచ్చిందని ఆ పిల్ల భాను మూడుసార్లు వచ్చి బతిమాలింది. రూల్ రూలేనని తనే పంపించేసింది.

"భాను ఇక్కడికి వచ్చిందా?"

బుగ్గయ్య తల దించుకున్నాడు. "మా ఊరి పిల్లనే మేడం. పోయిన నెల జరమొచ్చి సచ్చిపోయింది. మీకు ఎరుక లేదా?"

విజయశ్రీ చీటీ పీకబోయింది గానీ చెయ్యి రాలేదు. లైట్లు ఆర్పించి, తాళం వేయించి, వరండాలోకి వచ్చింది.

గదిలోంచి కాగితం మీద పెన్ను చప్పుడు వినబడింది. టైం చాలని వాళ్లు రాసినట్టు, తొందర తొందరగా. బుగ్గయ్య ఆమె వైపు చూశాడు. ఇద్దరూ కదల్లేదు.

కాసేపటికి పెన్ను ఆగింది. ఎవరో లేచి నిలబడినట్టు బెంచీ కిర్రుమంది.

"మేడం," అంది లోపలినుంచి ఓ గొంతు, ఎంతో మర్యాదగా. "అడిషనల్ షీట్ కావాలె."