ఖాళీ ఊయల

మా ఆయన పోయాక అక్షరాలు నేర్చుకున్నాను. ఒత్తులు తప్పితే మన్నించండి. రాయడమూ నిదానమే, కానీ ఈ సంతోషం ఆగేలా లేదు.

నా మునిమనవరాలు నెలలు నిండకుండా పుట్టింది. పాప ఊపిరి తడబడితే తల్లిని లేపే ఊయల, మంచానికి ఆనించేది కావాలి. పాపను చంకనేసుకుని దుకాణానికి వెళ్లాం. అక్కడ ఊయలలన్నీ వాటంతటవే ఊగుతూ జోల పాడుతున్నాయి.

"ఖాళీ తొట్టెల ఊగొద్దు! ఆపుండ్రి!" అని అరిచాను.

"మనిషి ఊపితేనే దోషం అవ్వా, ఇవి మిషన్లు," అని నవ్వింది దుకాణం ఆమె.

మూలన ఒకటి మాత్రం కదలడం లేదు.

"అది ఖరాబైందేమో అమ్మమ్మా," అంది పాప తల్లి, నా మనవరాలు రిత్విక.

పాపను అందులో పడుకోబెట్టాను. మెల్లగా ఊగింది. ఎత్తుకోగానే ఆ ఊయల ఆగి, "పాప నా దగ్గర లేదు!" అని కేకేసింది.

"ఇదే కావాలె," అన్నాను. "లోపల బిడ్డ ఉన్నదో లేదో ఎరుక లేనియి, ఊపిరాడకుంటే నిన్నేం లేపుతయే?"

రిత్విక ఆ ఊయలనే గట్టిగా పట్టుకుంది.

ఇంటికొచ్చాక పాపను ఎత్తుకున్న ప్రతిసారీ అది కేకేస్తుంది. "నా దగ్గరున్నది పో!" అని నేనూ కేకేస్తాను.

ఓదెమ్మ, డెబ్బై నాలుగేళ్లు, ఇప్పుడు పెద్దపల్లిలో మనవరాలి ఇంట్లో.