వాడబెట్టిన నిమ్మచెట్టు

ఉదయం ఆరు గంటలకు రైతు వచ్చి, వాడిన నిమ్మాకును వేళ్ళతో పట్టి చూసి, నీళ్ళు పెట్టకుండానే వెళ్ళిపోయాడు. నెల్లాళ్ళుగా ఇదే వరస.

"నిన్ను వదిలేశాడక్కా," అంది కొమ్మ మీది ఉడుత. "కాలవగట్టు నిమ్మ చూడు, అడక్కుండానే తాగుతోంది. నేనక్కడికే పోతున్నా."

చెట్టుకు వేళ్ళు మండుతున్నాయి. తను చేసిన తప్పేమిటో అంతుపట్టలేదు. ఇంకో వారం బతుకుతానన్న నమ్మకమూ లేదు.

"వదిలేసినవాడు రోజూ వచ్చి ఆకు పట్టి చూస్తాడా, చెల్లీ?" అంది మెల్లగా.

"ఆ చూపు తాగి బతుకు," అని ఉడుత గెంతుకుంటూ పోయింది.

మర్నాడు రైతు మళ్ళీ ఆకు పట్టి చూశాడు. "వాడింది చాలు, ఇక పూతకొస్తుంది," అంటూ ఈసారి పాదులోకి నీళ్ళు వదిలాడు. కొన్నాళ్ళకు కొమ్మకొమ్మా పూత పట్టింది.

ఆ వాసనకు ఉడుత తిరిగొచ్చింది. కాలవగట్టు చెట్టు నిండా ఆకులేనట, ఒక్క పువ్వూ లేదట.