గ్రాసియాస్ అనని మనిషి

“ఆ ఫ్లాస్కు ఇటివ్వు నాన్నా, మళ్ళీ తొడ కాల్చుకుంటావు.”

మరీసెల్ చెయ్యి చాచింది. ఎల్బియో ఫ్లాస్కుని చంకలో ఇంకాస్త బిగించి, మాతే ఆకు కషాయం తాగే సొరబుర్రని రెండో చేత్తో గుండెకి ఆనించుకున్నాడు. పైసాందు ఊళ్ళో మగవాడి చంకలోంచి ఫ్లాస్కు లాక్కోవడమంటే నలుగురిలో ప్యాంటు ఊడదీసినట్టే.

“వదిలెయ్యవే,” అంది నెలిదా కుర్చీలోంచి. “మాతే పొయ్యడం మీ నాన్న పని. పెళ్ళయిన నాటినుంచీ ఈ ఇంట్లో ఇంకెవరూ పొయ్యలేదు.”

“పొద్దున చొక్కా తిరగేసి తొడుక్కున్నాడమ్మా. అలాంటి మనిషి చేతికి వేడినీళ్ళు ఇస్తావా?”

“మీ ఆయన చొక్కా తిన్నగానే వేసుకుంటాడు. ఏం లాభం? ఇంట్లో చెంచా తీసి ఇటు పెట్టడు.”

“మాట మార్చకు. నాన్న బుర్ర పనిచెయ్యట్లేదు.”

“ఏ బుర్ర? చేతిలోది బాగానే ఉంది.”

మరీసెల్‌కి నవ్వొచ్చింది గానీ లొంగలేదు. “సరే, ఈ పూట చూస్తాను. ఒక్క చుక్క ఒలికిందా, ఫ్లాస్కు నాతోపాటు బస్సెక్కుతుంది. రేపటినుంచి ఇద్దరూ కప్పుల్లో టీ తాగండి.”

నెలిదాకి ఆ కప్పుల మాట నచ్చలేదు. టీ అంటే ఎవరి కప్పు వాళ్ళది. ఒకరు అందించేదీ లేదు, ఇంకొకరు తిరిగి ఇచ్చేదీ లేదు.

ఎల్బియో ముందు తనే ఒక బుర్ర తాగాడు. తర్వాత ఆకుపొడి ఒరిగి ఉన్న వైపు తడవకుండా, పీల్చే గొట్టం పక్కగా సన్నటి ధార పోశాడు. చెయ్యి వణికింది, ధార వణకలేదు. నురగ అంచుదాకా వచ్చి ఆగింది. బుర్రని మరీసెల్‌కి అందించాడు.

ఆమె ఒక గుక్క పీల్చి మొహం చిట్లించింది. “ఇదేంటమ్మా, నీళ్ళు చల్లారిపోయాయి!”

“తాగు. నోరు కాలదు, తొడా కాలదు.”

మరీసెల్ తల్లివైపు చూసింది. నెలిదా గోడమీది మరక చూస్తోంది. ఆ తొడ కాలిన రోజునుంచీ నీళ్ళు కాగకముందే దించి, ఫ్లాస్కుని సగమే నింపుతోంది. ఆ వెచ్చటి నీళ్ళతో మాతే తాగుతున్నట్టు ఊళ్ళో తెలిస్తే వంశం పరువు పోతుంది. అందుకే కన్నకూతురికి కూడా చెప్పలేదు.

రెండో వరస కూడా చుక్క ఒలక్కుండా సాగింది. మరీసెల్ ఖాళీ బుర్ర తిరిగి ఇస్తూ, “గ్రాసియాస్ నాన్నా,” అంది.

గ్రాసియాస్ అంటే థాంక్సే గానీ, మాతే దగ్గర ఆ మాట మర్యాదకి అనేది కాదు. ఇక చాలు అని. అన్నవాళ్ళకి మళ్ళీ బుర్ర రాదు. అందరూ అనేశాక పోసే మనిషి లేచిపోవచ్చు. ఒక్కరు అనకపోయినా, ఆ ఒక్కరికోసం కూర్చుని పొయ్యాల్సిందే.

నెలిదా ఆ మాట అని ఎనిమిది నెలలయింది.

“గెలిచావులే,” అంది మరీసెల్ సంచీ భుజాన వేసుకుంటూ. “ఫ్లాస్కు ఇక్కడే ఉండనీ. కానీ ఇంకెన్ని తాగుతావే అమ్మా? కడుపు ఉబ్బుతుంది.”

“నా కడుపు, నా ఇష్టం. నువ్వు బస్సు చూసుకో.”

మరీసెల్ తండ్రిని ముద్దు పెట్టుకుంది. “మళ్ళీ రా అమ్మాయ్,” అన్నాడాయన.

ఇద్దరే మిగిలారు. పదో బుర్రకి ఆకులో పస పోయింది. గడ్డి నానేసిన నీళ్ళలా ఉంది. నెలిదా తాగింది. నీళ్ళయిపోతే లోపలికెళ్ళి మళ్ళీ వెచ్చబెట్టి తెచ్చింది. మిగతా పొద్దంతా ఎల్బియో ఏదో పోగొట్టుకున్నవాడిలా గదిగదీ తిరుగుతాడు. పిలిస్తే పలకడు, పట్టుకుంటే విదిలించుకుంటాడు. ఈ ఒక్క వేళ మాత్రం ఎదురుగా కూర్చుంటాడు. బుర్ర ఇచ్చేటప్పుడు ఆయన వేళ్ళు ఆమె వేళ్ళకి తగులుతాయి. గొట్టం గుడగుడమనేదాకా ఆమె మొహంకేసే చూస్తుంటాడు. అంతమాత్రానికి గడ్డి నీళ్ళేం ఖర్మ, గంజి పోసినా తాగేది.

పన్నెండో బుర్ర తాగి తిరిగి ఇచ్చింది. ఆయన మళ్ళీ నింపాడు. కానీ అందించలేదు. బుర్రని మోకాలిమీద పెట్టుకుని, వీధి తలుపువైపు ఒకసారి చూసి, ముందుకి వంగాడు. ఇన్ని నెలల్లో ఆయన ఇంత దగ్గరగా రాలేదు. ఆ కళ్ళు తేటగా ఉన్నాయి. ఏదో అడగబోతున్నాడు, మొహమాటపడుతున్నాడు. పేరు పెట్టి పిలుస్తాడేమోనని నెలిదా తనూ ముందుకి వంగింది.

“ఏమీ అనుకోకండమ్మా,” అన్నాడు ఎల్బియో నెమ్మదిగా, “మీరు ఆ గ్రాసియాస్ ఏదో అనేస్తే నేనిక ఇంటికి బయల్దేరతాను. పొద్దుపోతోంది, పాపం మా నెలిదా నాకోసం చూస్తూ ఉంటుంది.”