లాగు అంటే గుంజు

పెద్ద పతంగి విప్పి చూసేసరికి తాళ్లన్నీ తెగి ఉన్నాయి.

ఎలుకలు కొరికినట్టు లేదు. కత్తితో నున్నగా కోసినట్టుంది.

భూపాల్ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. మర్నాడే సూర్యలంక సముద్రానికి ప్రయాణం.

హైదరాబాదు పాత పుస్తకాల దుకాణంలో దొరికిన విదేశీ పత్రికలో అతనో బొమ్మ చూశాడు. మంచమంత పతంగి. దాని తాళ్లు పట్టుకుని, కాళ్ల కింద చెక్కతో సముద్రం మీద జారిపోతున్న మనిషి. అప్పటినుంచీ అదే ధ్యాస.

పతంగి కుట్టింది ఆంధ్రాయన. జనగామ పత్తి మార్కెట్లో లారీలకు టార్పాలిన్లు కుడతాడు. సొంతూరు సూర్యలంక. పేరు ఎవరూ అడగలేదు. అక్కడ తన అన్న ఇంట్లో దిగవచ్చని, తాను పడవలో వెనకే వస్తానని ఆయనే మాటిచ్చాడు.

"కోసిందెవరో నీకింక సమజ్ కాలేదా?" అన్నాడు రాంచందర్.

రాంచందర్ మేనత్త కొడుకు. అంతకంటే ఎక్కువ, భూపాల్ ప్రాణం కాపాడినవాడు.

నెల కిందట ఊరవతల చెరువులో పతంగిని ఎగరేసి చూశారు. గాలి ఒక్కసారిగా అందుకుంది. నడుం దగ్గరి ముడి లాగితే పతంగి విడిపోతుంది. గట్టుమీదనుంచి ఆంధ్రాయన "లాగు, లాగు" అని అరిచాడు.

జనగామలో లాగు అంటే నిక్కరు.

భూపాల్ తన లాగు జారిందేమోనని కిందికి చూసుకున్నాడు. రాంచందర్ పడీపడీ నవ్వాడు. "గుంజు" అని ఉంటే అర్థమయ్యేది. ఆ కాస్త ఆలస్యంలో పతంగి అతన్ని చెరువు నడుమకు ఈడ్చుకుపోయి ముంచేసింది.

కళ్లు తెరిచేసరికి తల రాంచందర్ ఒడిలో ఉంది. ఆంధ్రాయన ఎక్కడో దూరంగా, కొట్టుకుపోతున్న పతంగి కోసం ఈదుతున్నాడు.

అంతకుముందు రెండుసార్లు భూపాల్ చెల్లెలికి రాంచందర్ సంబంధం వద్దన్న బాపు ఆ వారమే మనసు మార్చుకున్నాడు.

"నా కొడుకును నాకు తెచ్చిచ్చినోడు. విజయలక్ష్మిని వానికే ఇస్త."

ఇప్పుడు రాంచందర్ ఒక్కొక్కటే గుర్తు చేశాడు. నిన్న పతంగిని మడిచి మూటకట్టి పోయింది ఆంధ్రాయనే. అన్నిటికన్నా ముందు తాడు కోసుకోవడం నేర్చుకోవాలన్నదీ ఆయనే.

"అది ఆపదొస్తే అన్నడు బావ."

"నువ్వు మునిగినప్పుడు ఎవలి కోసం ఉరికిండు? నీ కోసమా, పతంగి కోసమా? ఆంధ్రోళ్లను నమ్మొద్దని అరవై తొమ్మిది ఉద్యమంనుంచి మనోళ్లు మొత్తుకుంటనే ఉన్నరు."

ఇద్దరూ మార్కెట్‌కు పోయారు.

ఆంధ్రాయన తెగిన తాళ్లు చూశాడు. తరువాత రాంచందర్ ముఖంలోకి చూశాడు. ఏమీ అనలేదు.

ఆ మౌనం భూపాల్‌కు నేరం ఒప్పుకున్నట్టే తోచింది.

"నిన్ను ఇంట్ల మనిషి లెక్క చూసిన. గిట్ల చేస్తవా?"

చెంప మీద కొట్టాడు. పదిమంది పోగయ్యారు. కుట్టు సామాను మూట కట్టించి, ఆయన్ను బెజవాడ రైలెక్కించేదాకా స్టేషన్ నుంచి కదలలేదు.

రైలు కదులుతుంటే ఆయన కిటికీలోంచి ఒకే మాట అన్నాడు.

"సముద్రంలో ఒంటరిగా మాత్రం దిగకండి బాబూ."

భూపాల్ ముఖం తిప్పుకున్నాడు.

మధ్యాహ్నానికల్లా కొత్త తాళ్లు కట్టేశాడు. ప్రయాణం ఆపేది లేదన్నాడు. పడవలో వెనక రావడానికి ఆ మోసగాడే కావాలా? ఒకసారి ప్రాణం కాపాడిన బావ పక్కనే ఉండగా భయమేముంది?

సాయంత్రం రాంచందర్‌ను చెరువుకు తీసుకుపోయాడు. తాను ఛాతీ లోతుకు దిగి వెనక్కి తిరిగాడు.

"రా బావ. నేను మునిగినట్టు చేస్త. ఆ దినం లెక్కనే నన్ను బయటికి తియ్యి."

రాంచందర్ మోకాళ్ల లోతులోనే ఆగిపోయాడు.

"ఏంది, లాగు తడుస్తదా?"

భూపాల్ నవ్వుతూ వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి గుంజాడు.

రాంచందర్ ఆ చెయ్యి విదిలించుకుని గట్టు రాయిని రెండు చేతులతో కరుచుకున్నాడు.

భూపాల్ నవ్వు ఆగిపోయింది. "బావ" అన్నాడు మెల్లగా.

రాంచందర్ నోరు విప్పాడు. తల మాత్రం ఎత్తలేదు.

"నాకు ఈత రాదు భూపాల్. తాళ్లు నేనే కోసిన. సూర్యలంక పోతే అక్కడ అసలు మాట బయటపడ్తదని, విజయలక్ష్మి నాకు దక్కదని భయమైంది. మామ సంబంధం ఒప్పుకున్నప్పుడే, చెప్పొద్దని ఆయన కాళ్లు పట్టుకున్న. చెప్పనన్నడు. నువ్వు కొట్టినా చెప్పలే. ఆ దినం నిన్ను నీళ్లల్లకెల్లి తీసినాయనను పొద్దుగాల మనమే రైలెక్కించినం."