లూసీ కట్టిన రాగం

అమెరికాలోని ప్లేనోలో, పక్కింటివాళ్లు వాడిన సామాను అమ్మే గరాజ్ సేల్‌లో పాత రికార్డు ఒకటి తిరుగుతోంది. అందులో రాగం మా ఆవిడ లూసీ కట్టిందే. ఆ రికార్డులో పాడే అమెరికా పాటగాడు ప్రేమ పాటలు, కౌబాయ్ పాటలు, జోలపాటలు అన్నీ తనే రాసి పాడాడట. చాలక మా రాగం కూడా కావలసి వచ్చింది!

"దొంగ వెధవ!" అన్నాను.

"కామ్ డౌన్ తాతయ్యా," అంది మనవరాలు షెరిన్. "కవర్ మీద ఇయర్ ఉంది. నైన్టీన్ ఫిఫ్టీ సిక్స్."

నాకు చదువు రాదు గాని లెక్క వచ్చు. అప్పటికి లూసీకి నాలుగేళ్లు.

రేపు మా తెలుగు చర్చిలో ఆమె జ్ఞాపకార్థం ఆ రాగంలోని తెలుగు కీర్తనే పాడతారు. పాట మాటలు చూపే తెర మీద రాగం ఆమెదని పేరు వేయించింది నేనే. ముప్పై ఏళ్లుగా కాదన్నవాళ్లందరితో పోట్లాడాను.

"నేమ్ తీసేయమని చెప్పనా?"

మా చర్చిలో ఎవరిని పొగిడినా "నాదేం లేదండి, అంతా ప్రభువుదే" అంటారు. లూసీ కూడా "ఆ రాగం నాది కాదండీ" అనేది. భక్తి కాబోలనుకుని, ఆమెను మాట పూర్తి చేయనివ్వకుండా ఇంకా గట్టిగా పొగిడేవాణ్ణి.

"తీసేయమను," అన్నాను. "మీ అమ్మమ్మ ఎప్పుడో చెప్పింది."