బోణీ చెడగొట్టినవాడు

హోసూరులో షట్టరు సగం లేచిందో లేదో, భుజాన తోలుసంచీతో ఒక తెల్లవాడు వంగి వరదప్ప గిటార్ల కొట్లోకి దూరాడు.

పొద్దున్నే విదేశీ బేరం! వరదప్ప ముఖం వెలిగిపోయింది.

తెల్లవాడు నీలం కవరు ఒకటి చాచాడు.

"చందాలన్నీ సాయంత్రం సామీ! బోణీ కాలేదింకా." వరదప్ప కవరు నెట్టేసి, పటాలకు ఊదొత్తులు వెలిగించబోయాడు.

తిరిగి చూసేసరికి తెల్లవాడి చేతిలో మోనిషా గిటారు ఉంది. తీగలు వదులుచేసి, దాని పొట్టలోకి సన్నటి కడ్డీ దూర్చి కాస్త తిప్పుతున్నాడు.

మోనిషా వరదప్ప కూతురు. ఆ గిటారు బెంగుళూరులో పాతసామాన్ల అంగట్లో కొన్న విదేశీ సరుకు. ఎండలకు మెడ వంగిపోయింది. తీగలు నొక్కితే పిల్ల వేళ్లు తెగేవి. బాగుచేసేవాళ్లంతా చేతులెత్తేశారు. ఆదివారం కృష్ణగిరి కాలేజీలో పోటీ. "అది లేకపోతే నేను వాయించను" అని హాస్టలు దగ్గరి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్లో ఏడ్చింది.

"పెట్టప్పా కిందికి!" వరదప్ప అరిచాడు.

తెల్లవాడు గిటారు గోడకు తగిలించి, రేపొస్తానని సైగ చేసి వెళ్లిపోయాడు. ఏమీ కొనలేదు. ఆ రోజు కొట్లో ఈగ కూడా వాలలేదు.

వరదప్ప మంచివాడే. బోణీ దగ్గర మాత్రం మనిషి కాడు.

రెండోరోజూ అదే వేళ, అదే మనిషి, అదే కడ్డీ. వరదప్ప మెడపట్టి గెంటాడు. తెల్లవాడు మెట్ల మీద పడ్డాడు; మోకాలు చీరుకుపోయింది.

"మొన్న పాతబస్టాండు కొట్లోనూ అన్నీ చూసి, ఏమీ కొనకుండా పోయినాడంటన్నా," అన్నాడు టీకొట్టు గోవిందప్ప.

"రేపు రానీప్పా. చెయ్యి ఇరిచేస్తా."

మూడోరోజు, శనివారం, కుంటుకుంటూ వచ్చాడు. కడ్డీ తిప్పి, తీగలు బిగిస్తూ నవ్వాడు.

వరదప్ప షట్టరు లాగే ఇనుపకొక్కెం ఎత్తాడు.

మొదటి దెబ్బ మణికట్టు మీద. రెండోది వేళ్ల మీద. ఎముకలు పటుక్కుమన్నాయి.

తెల్లవాడు గిటారును రెండోచేత్తో గోడకు ఆనించి, ఆ తర్వాతే కింద పడ్డాడు.

గోవిందప్ప వచ్చి డొక్కలో తన్నాడు. ఎందుకో తెలియని మరో నలుగురూ తన్నారు. నెత్తురు కక్కుకుంటున్నవాణ్ణి ఎవరో ఆటోలో వేసి ఆస్పత్రికి పంపారు.

మధ్యాహ్నం మోనిషా బస్సు దిగి వచ్చి, నేరుగా గిటారు అందుకుంది. మీటింది. మళ్లీ మీటింది. వేళ్లు తెగలేదు.

"నాయినా! ఎవురు బాగుచేసినారు దీన్ని?"

"ఎవురో తెల్లోడు. మూడు దినాలు వచ్చి ఏందో తిప్పినాడు."

"మెడలోని మర ఒక్కసారే తిప్పితే చెక్క చీలిపోతుంది నాయినా. దినానికి కొంచెమే తిప్పల్ల. ఆయన యాడ?"

నేలమీద నెత్తుటి మరకల మధ్య నీలం కవరు పడివుంది.

మోనిషా తీసి చూసింది. లోపలిది తన చేతిరాతే.

"ఏముందమ్మా అందులో?"

తాను ఇంగ్లీషులో రాసిన ఉత్తరాన్ని తెలుగులో చెప్పింది.

"అయ్యా, మీ అడ్రసు గిటారు లోపలి కాగితంలో దొరికింది. దీన్ని మీ చేత్తో చేసినారు కదా, మీ చేత్తోనే బాగుచేయగలరా? ఇండియాకు వస్తే మా కొట్టుకు రండి, మా నాయిన చానా మంచోడు, మిమ్మల్ని బాగా చూసుకుంటాడు."