తొడిమ ఉన్న గుడ్డు

ఈ తెల్లపెట్ట సంగతి చెప్పుకుని తీరాలి. కోళ్ల ఫారంలో గుడ్లు తగ్గిన కోళ్లను లారీకెక్కిస్తుంటే, వరహాలమ్మ బతిమాలి దీన్ని తన కూరగాయల దొడ్డికి తెచ్చుకుంది. ఇక్కడ దానికి మట్టి కొత్త, ఎండ కొత్త, నాలుగడుగులు నడవడమూ కొత్తే. పాతది భయం ఒక్కటే. గుడ్డు పెట్టకపోతే లారీ వస్తుంది, లారీ ఎక్కిన కోడి మళ్లీ కనపడదు.

పది రోజులు ఎలాగో పెట్టింది. పదకొండో రోజు ఎంత ముక్కినా గుడ్డు రాలేదు. ఏం చేస్తుంది పాపం? మడిలో తెల్లవంకాయ ఒకటి అచ్చం గుడ్డులాగే కనపడింది. దాన్ని పొడిచి తెంపి, గూట్లోకి దొర్లించుకుని, దాని మీద బుద్ధిగా కూర్చుంది.

వరహాలమ్మ వచ్చి కిందికి చెయ్యి పెట్టింది. పెట్ట కళ్లు మూసేసుకుంది.

"ఓసి, నీ తెలివి తెల్లారినట్టే ఉందే! గుడ్డుకి తొడిమ కూడానా!" అని నవ్వి, వంకాయ ఒళ్లో వేసుకుని, ఎప్పటిలాగే గుప్పెళ్లతో నూకలు చల్లి వెళ్లిపోయింది.

పెట్ట గూడు దిగలేదు. "మావా, లారీ ఎప్పుడొస్తుంది?" అని కింద నూకలు తింటున్న దొడ్డిలోని నాటుపుంజుని అడిగింది.

పుంజు నోటినిండా నూకలతోనే అంది: "లారీ ఏంటే పిచ్చిమొహమా! నాలుగేళ్లుగా ఈవిడ నూకలు తింటున్నాను. నేనెప్పుడైనా గుడ్డు పెట్టగా చూశావా?"

పెట్ట దాన్ని ఎగాదిగా చూసింది.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా మావా!" అంటూ గూట్లోంచి దూకి, పుంజు ముందున్న నూకలే మొదట ఏరుకు తింది.